దెయ్యానికి వకాల్తా

దెయ్యాల సినిమాలంటే నాకు పెద్దగా పడదు. భయమేసి కాదు, నవ్వొచ్చి. (రాత్రి మంచినీళ్ళకి లేచినా ఇంట్లో లైట్లన్నీ వేసుకుంటూ వెళ్తానని మా ఆవిడ అంటుంది. అది వేరే విషయం.) ఒక్క సినిమా మాత్రం ఇన్నేళ్ళైనా బుర్రలోంచి పోలేదు. 2005లో వచ్చిన 'ది ఎక్సార్సిజం ఆఫ్ ఎమిలీ రోజ్'. అప్పట్లో అమీర్‌పేట బ్యాచిలర్ రూంలో నలుగురం కలిసి కంప్యూటర్లో చూశాం. సినిమా అయ్యాక ఒకడు దుప్పటి కప్పుకుంటూ "మన దగ్గరైతే ఈ కేసు కోర్టు దాకా రాదు బాస్, ఊళ్ళోనే తేలిపోతుంది" అన్నాడు. అందరం నవ్వాం.

ఈమధ్య ఆ సినిమా మళ్ళీ చూశాను. ఈసారి నవ్వు రాలేదు. వాడన్నమాట నిజమా కాదా అని పాత కేసులు వెతుకుతూ కూర్చున్నాను. దొరికినవాటిలో కొన్ని ఇక్కడ చెప్తాను.

ముందు సినిమా సంగతి. ఎమిలీ అనే కాలేజీ అమ్మాయి చనిపోతుంది. దెయ్యం వదిలించబోయిన ఫాదర్ మూర్ మీద కేసు. డిఫెన్స్ లాయరు ఎరిన్ బ్రూనర్‌కి దేవుడి మీద పెద్ద నమ్మకం లేదు, ప్రాసిక్యూటర్ ఏమో పక్కా చర్చి మనిషి. ఈ తిరకాసు నాకు భలే నచ్చింది. నమ్మని లాయరు "దెయ్యం ఉండొచ్చు కదా" అని వాదిస్తుంది, నమ్మే లాయరు "అది మూర్ఛరోగం" అంటాడు. చివర్లో జ్యూరీ ఫాదర్ దోషి అని తేల్చి, ఇప్పటిదాకా జైల్లో ఉన్నది చాలు అని వదిలేస్తుంది. అంటే ఇటు సైన్సుకీ ఒక మార్కు, అటు నమ్మకానికీ ఒక మార్కు. ప్రేక్షకుడు ఎవరైనా టికెట్ డబ్బులు దండగ అనుకోకూడదుగా!

మొదటిసారి చూసినప్పుడు నాకు తట్టని విషయం ఒకటుంది. ఈ సినిమాలో అసలు ముద్దాయి ఫాదర్ కాదు, మందుబిళ్ళ. ఎమిలీకి డాక్టర్లు గాంబుట్రాల్ అనే మందు ఇస్తారు. ఆ మందు వల్లే దెయ్యం వదిలించే క్రతువు పనిచెయ్యలేదని డిఫెన్స్ వాదిస్తుంది, సాక్షిగా ఒక ప్రొఫెసర్ని కూడా తెస్తుంది. గాంబుట్రాల్ అనే మందు లోకంలో లేదు, రచయితలు కల్పించారు. మందు మానెయ్యమని ఫాదర్ చెప్పడం సినిమాలో తప్పు కాదు, చికిత్సలో భాగం. మనం కూడా పాప్‌కార్న్ తింటూ తలూపుతాం.

ఇక అసలు కథ. ఆ అమ్మాయి పేరు అన్నెలీజ్ మిషెల్. 1952లో జర్మనీలో, బవేరియా రాష్ట్రంలో పుట్టింది. పెరిగింది క్లింగెన్‌బెర్గ్ అనే చిన్న ఊళ్ళో. ఇంట్లో వాళ్ళు నిష్ఠగల కాథలిక్కులు. 1968లో, ఇంకా స్కూల్లో ఉండగానే, మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. డాక్టర్లు మూర్ఛ అన్నారు, మందులిచ్చారు. తర్వాత వుర్జ్‌బర్గ్ యూనివర్సిటీలో చేరింది. మందులు వాడుతున్నా భయంకరమైన ముఖాలు కనపడటం, గొంతులు వినపడటం ఆగలేదు. ఇంట్లోవాళ్ళు చర్చి చుట్టూ తిరిగారు. మొదట్లో చర్చి వాళ్ళే డాక్టరు దగ్గరికి పొమ్మన్నారు. చివరికి 1975లో వుర్జ్‌బర్గ్ బిషప్ అనుమతి ఇచ్చాడు. ఆర్నాల్డ్ రెంజ్, ఎర్నెస్ట్ ఆల్ట్ అనే ఇద్దరు పాదిరీలు దాదాపు పది నెలల పాటు 67 సార్లు ఆ క్రతువు చేశారు. టేపుల్లో రికార్డు కూడా చేశారు. ఆ అమ్మాయి తిండి మానేసింది. 1976 జులై 1న చనిపోయింది. అప్పటికి బరువు 30 కిలోలు. పోస్టుమార్టంలో తేలింది: తిండి లేక, నీళ్ళు లేక.

1978లో ఆషఫెన్‌బర్గ్ కోర్టులో విచారణ. ముద్దాయిలు నలుగురు: ఇద్దరు పాదిరీలు, ఆ పిల్ల తల్లిదండ్రులు. సినిమావాళ్ళు అమ్మానాన్నల్ని ముద్దాయిల్లోంచి తీసేశారు. ఎందుకో ఊహించుకోవచ్చు. కూతుర్ని పోగొట్టుకున్న తల్లి బోనులో నిలబడితే ఇక ఎవరి పక్షాన ఉండాలో ప్రేక్షకుడికి తెలీదు. డిఫెన్స్ వాళ్ళు కోర్టులో టేపులు పెట్టి వినిపించారు. జడ్జీలు విన్నారు. కానీ వాళ్ళు తేల్చింది ఆ గొంతు ఎవరిది అన్నది కాదు. "చనిపోవడానికి వారం ముందు డాక్టర్ని పిలిచినా బతికేది కదా, ఎందుకు పిలవలేదు?" అన్నదే అక్కడ ప్రశ్న. నలుగురికీ నిర్లక్ష్యంతో మరణానికి కారణమయ్యారని ఆరు నెలల శిక్ష వేసి, దాన్ని అమలు చెయ్యకుండా మూడేళ్ళు ప్రొబేషన్ మీద పెట్టారు. ప్రాసిక్యూషన్ అడిగినదానికంటే అది ఎక్కువ. పాదిరీలకు జరిమానా చాలని, తల్లిదండ్రులకు శిక్షే వద్దని ప్రాసిక్యూటరే అన్నాడు మరి.

అంటే దెయ్యం ఉందా లేదా అనే ప్రశ్న సినిమా కోర్టుది. అసలు కోర్టు ఆ జోలికే పోలేదు. పోయిన కోర్టులు చరిత్రలో ఉన్నాయి. 1692లో అమెరికాలోని సేలంలో "ఫలానా ఆమె ఆత్మ రాత్రి వచ్చి నా గొంతు నులిమింది" అంటే అది సాక్ష్యంగా తీసుకున్నారు. 19 మందిని ఉరితీశారు. దాని నుంచి నేర్చుకున్నదల్లా ఒకటే: కోర్టులోకి దెయ్యాన్ని సాక్షిగా రానిస్తే ఉరి పడేది మనిషికే.

ఇప్పుడు మా ఊరికి వస్తాను.

నేను పుట్టి పెరిగింది గోదావరిఖనిలో, సింగరేణి క్వార్టర్లలో. మా బాపు అండర్‌గ్రౌండ్‌లో చేసి రిటైరయ్యాడు. మా దగ్గర గని అనరు, బాయి అంటారు. "బాయికి పోయిండు", "బాయిల దిగిండు". రామగుండం ప్రాంతంలో బొగ్గు తవ్వకం పెద్దఎత్తున మొదలైంది 1960ల దరిదాపుల్లో. చుట్టుపక్కల పల్లెల నుంచి జనం వచ్చి పడ్డారు. ఒక్కొక్కరు తమ ఊరి దేవుణ్ణీ, తమ ఊరి దయ్యాన్నీ కూడా వెంట తెచ్చుకున్నారు. బాయి దగ్గర మైసమ్మకు మొక్కి దిగేవాళ్ళు. రాత్రి షిఫ్టులో పాత గుళ్ళలోంచి, అంటే తవ్వి వదిలేసిన చోట్ల నుంచి, ఎవరో పిలిచినట్టు వినపడుతుందని బాపు దోస్తులు చెప్పుకునేవాళ్ళు. బాపు నవ్వేవాడు. "పిలిచేది దయ్యం కాదురా, బండ. కూలే ముందు అది సప్పుడు చేస్తది. ఇనకపోతే సస్తవ్" అనేవాడు. కట్టెతో పైకప్పు మీద కొట్టి, బోలుగా మోగుతుందో గట్టిగా మోగుతుందో విని పని మొదలుపెట్టడం వాళ్ళకి అలవాటు. మరి అదే బాపు, దిగే ముందు మైసమ్మకు దండం పెట్టకుండా ఒక్కరోజూ దిగలేదు.

2003 జూన్ 16న గోదావరిఖని సెవెన్ ఎల్‌ఈపీ గనిలోకి నీళ్ళు చొరబడి 17 మంది పోయారు. ఆ రోజుల్లో మా ఊళ్ళో ఎవరిళ్ళల్లోనూ పొయ్యి వెలిగినట్టు గుర్తులేదు. గని ప్రమాదం జరిగితే చట్టం ప్రకారం వెంటనే నోటీసు పంపాలి. గనుల భద్రత చూసే డీజీఎంఎస్ అధికారులు వస్తారు, మ్యాపులు అడుగుతారు, ఎవరు ఏ షిఫ్టులో చూశారు, రిజిస్టర్లో ఏం రాశారు అని తవ్వుతారు. ఆ విచారణల్లో న్యాయం జరుగుతుందా లేదా అనేది వేరే పెద్ద కథ. కానీ "ఎందుకు జరిగింది" అని అడగడానికి ఒక పద్ధతి, దానికొక కాగితం, సంతకం ఉన్నాయి.

మరి వాడకట్టులో పసిపిల్ల జ్వరమొచ్చి రెండ్రోజుల్లో పోతే? ఎడ్లు వరసగా చస్తే? పెళ్ళైన ఆర్నెల్లకే కోడలు గుడ్లు తేలేసి పడిపోతే? అక్కడికి నోటీసు తీసుకుని ఎవరూ రారు. అక్కడి విచారణాధికారి మంత్రగాడే.

ఇవాన్స్ ప్రిచర్డ్ అనే మానవశాస్త్రవేత్త 1937లో ఆఫ్రికాలోని అజాండే జనం గురించి ఒక పుస్తకం రాశాడు. అందులో ఒక గాదె కూలిన ఉదాహరణ ఉంది. గాదె నీడలో కూర్చున్నవాళ్ళ మీద అది కూలుతుంది. గుంజలకి చెదలు పట్టిందని అజాండేలకి తెలుసు. ఎండకి నీడ కోసం మనుషులు కూర్చున్నారనీ తెలుసు. కానీ సరిగ్గా వీళ్ళు కూర్చున్నప్పుడే ఎందుకు కూలాలి? అక్కడ వాళ్ళకి చేతబడి కావాలి. ఇది చదివినప్పుడు నాకు మా ఖని గుర్తొచ్చింది. బండ ఎందుకు కూలుతుందో మా వాళ్ళకి ఏ ఇంజనీరు కన్నా తక్కువ తెలీదు. ఆ షిఫ్టులో మా ఆయనే ఎందుకుండాలి అన్నదానికి ఏ రిజిస్టర్లోనూ జవాబుండదు.

ఇప్పుడు నా చిన్నప్పటి సంగతి ఒకటి. మా వరసలో నాలుగిళ్ళ అవతల ఒక అత్తమ్మ ఉండేది. వరసకి అత్తమ్మ, చుట్టం కాదు. ఒకరోజు నల్లా దగ్గర బిందె వదిలేసి కింద పడింది. కాళ్ళూ చేతులూ కొట్టుకుంటోంది, నోట్లో నురుగ. ఎవరో తాళంచెవుల గుత్తి చేతిలో పెట్టారు. నెలలో రెండుమూడు సార్లు అలా అయ్యేసరికి "గాలి సోకింది" అని తేల్చారు. గోదావరి అవతలి ఒడ్డు నుంచి ఒకాయన్ని పిలిపించారు. తలుపులు మూసి మిరపకాయల పొగ పెట్టాడు. వేపమండలతో కొట్టాడు. మేం పిల్లలం కిటికీ కింద నిలబడి దగ్గుతూ విన్నాం. ఆమె అరుపులకి మధ్యలో ఆయన ఒకే మాట అడుగుతున్నాడు: "ఎవరు పంపిండ్రు? చెప్పు, ఎవరు పంపిండ్రు?"

అన్నెలీజ్ గదిలో అడిగిన ప్రశ్నకీ దీనికీ ఎంత తేడానో చూడండి. అక్కడి పాదిరీలు దెయ్యాన్ని "నీ పేరేంటి" అని అడిగారు. లూసిఫర్, జూడాస్, నీరో, హిట్లర్.. ఇలాంటి పేర్లొచ్చాయి. చచ్చినవాళ్ళు, పురాణపురుషులు. వాళ్ళని ఎవరూ ఏమీ చెయ్యలేరు. మా దగ్గర అడిగేది పంపినవాళ్ళ పేరు. ఆ పేరు గల మనిషి పక్కింట్లోనో పక్క వీధిలోనో అన్నం వండుకుంటూ ఉంటుంది. ఊగడం ఒక్కటే అయినా మేము దానికి రెండు పేర్లు పెట్టుకున్నాం. దేవత వస్తే పూనకం, బోనాలప్పుడు కాళ్ళు కడిగి నెత్తిన చల్లుకుంటాం. దయ్యమొస్తే సోకు. దేవత పూనితే భవిష్యత్తు అడుగుతాం, దయ్యం పడితే దోషిని అడుగుతాం.

అత్తమ్మ పేరు చెప్పలేదు పాపం, చెప్పే స్థితిలో లేదు. ఆయనే చెప్పాడు. పేరు కాదు, ఆనవాళ్ళు. "మీ వాడకట్టులనే ఉన్నది. మొగడు లేడు. నెత్తి మీద గంప పెట్టుకుంటది." అంతే. మా వీధుల్లో గంపలో కూరగాయలు అమ్ముకునే ముసలామె ఒక్కతే ఉండేది. మర్నాటి నుంచి ఆమె గంప దింపనిచ్చినవాళ్ళు లేరు. మా అమ్మ కూడా. మేం పిల్లలం ఆమె గుడిసె ముందు నుంచి పోతూ ఉమ్మేసి పరిగెత్తేవాళ్ళం. నేనూ ఉమ్మాను.

మా వీధి వాళ్ళకి ఆ సమయంలో కోపం ఇంకాస్త ఎక్కువుండి ఉంటే ఏమయ్యేదో నాకు తెలుసు. మంత్రం పలక్కుండా పళ్ళు ఊడగొట్టడం మా వైపు పల్లెల్లో కొత్త కాదు. పన్ను లేకపోతే అక్షరం సరిగా పలకదు, పలక్కపోతే మంత్రం పారదు.. ఇదీ లాజిక్కు. సింటాక్స్ ఎర్రర్ అన్నమాట. ఇంత పద్ధతిగా ఆలోచించగలిగినవాళ్ళని పట్టుకుని తెలివితక్కువవాళ్ళు అనడం నాకు చేతకాదు.

ఇక కోర్టులు. మన దేశంలో దెయ్యం నిజంగా కోర్టుకెక్కిన కేసు ఒకటుంది. లా చదివినవాళ్ళందరికీ తెలిసిందే, రామ్ బహదూర్ థాపా కేసు. 1958 మే నెల. ఒడిశాలో రాసగోవిందపూర్ అనే ఊరు. అక్కడ యుద్ధకాలపు పాత విమానాశ్రయం ఉంది, దాని ఇనుప సామాను కొనడానికి కలకత్తా వ్యాపారి ఒకాయన వచ్చాడు. వెంట నేపాలీ నౌకరు రామ్ బహదూర్. ఆ మైదానంలో దెయ్యాలు తిరుగుతాయని ఊళ్ళో చెప్పుకునేవారు. వ్యాపారికి ఆ దెయ్యాలేవో చూడాలని సరదా పుట్టింది. అర్ధరాత్రి బయల్దేరారు. దూరంగా ఒక వెలుగు, గాలికి ఊగుతూ. చుట్టూ ఏవో ఆకారాలు కదులుతున్నాయి. రామ్ బహదూర్ కుక్రీ దూసి ఉరికాడు, ఎడాపెడా నరికాడు. అరుపులు విన్నాక తెలిసింది, వాళ్ళు ఇప్పపూలు ఏరుకోవడానికి హరికేన్ లాంతరు పెట్టుకుని చెట్టు కిందికొచ్చిన ఆదివాసీ ఆడవాళ్ళు. ఒకామె చనిపోయింది, ఇంకా కొందరికి గాయాలు.

సెషన్స్ జడ్జి వదిలేశాడు. ప్రభుత్వం అప్పీలుకెళ్తే ఒడిశా హైకోర్టు కూడా సరే అంది. ఇండియన్ పీనల్ కోడ్ 79వ సెక్షన్: జరిగిన విషయాన్ని పొరబడి, మంచి ఉద్దేశంతోనే, తను చేస్తున్నది చట్టప్రకారం సరైనదే అనుకుని చేస్తే నేరం కాదు. (ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో అది 17వ సెక్షన్.) దెయ్యాన్ని చంపడం నేరం కాదు, అతను చంపుతున్నది దెయ్యాన్నే అని నమ్మాడు, కాబట్టి నిర్దోషి. ప్రభుత్వ వకీలు ఒక మాటన్నాడు: చేతిలో టార్చిలైటు ఉంది కదా, ఒక్కసారి వేసి చూసి ఉండొచ్చు కదా అని. దెయ్యమే అని అంత గట్టిగా నమ్మినవాడికి టార్చి వెయ్యాలని తోచదు అని కోర్టు సమాధానం.

అంతకుముందు 1940ల్లో పాట్నా హైకోర్టులో బోండా కుయీ కేసు కూడా ఇలాంటిదే. ఒకామె అర్ధరాత్రి ఇంటి దగ్గర నగ్నంగా, చీపురుకట్ట కట్టుకుని ఆడుతున్న ఆకారాన్ని చూసి మనుషుల్ని తినే భూతం అనుకుని గొడ్డలితో కొట్టింది. చూస్తే తన మరిది వరస వాళ్ళావిడ, తోడికోడలే. అక్కడా అదే సెక్షన్, నిర్దోషి.

నేను ఈ తీర్పుల్ని తప్పు పట్టబోవడం లేదు. లాజిక్ ప్రకారం సరిగ్గానే ఉన్నాయి. వణికిపోతున్నవాణ్ణి హంతకుడితో సమానంగా చూడకపోవడం న్యాయమే. కానీ రామ్ బహదూర్ పేరు ప్రతి లా విద్యార్థికీ తెలుసు. ఇప్పపూలకొచ్చి చనిపోయిన ఆమె పేరు ఎంతమందికి తెలుసు? నమ్మకం ఎంత గట్టిదో కోర్టు కొలిచింది. లాంతరు పెట్టుకుని వెలుగులో కూర్చున్న మనిషి ఇంకేం చేసి ఉంటే మనిషిలా కనపడేదో ఎవరూ కొలవలేదు.

ఈ సెక్షన్ చేతబడి హత్యలకి పనికిరాదు, అది కూడా చెప్పాలి. రామ్ బహదూర్ ఎదురుగా ఉన్నది మనిషని అనుకోలేదు. చేతబడి చేసిందని చంపేవాడికి ఎదురుగా ఉన్నది మనిషే అని తెలుసు, పేరు తెలుసు, వరస కూడా తెలుసు. కాబట్టి అది హత్యే. ఇక నిజంగా మతి చలించినవాళ్ళకి వేరే దారి ఉంది, 84వ సెక్షన్ (ఇప్పుడు 22). 1843లో ఇంగ్లండులో మెక్‌నాటన్ కేసు తర్వాత జడ్జీలు పెట్టిన సూత్రాలే దానికి మూలం. 2021 జనవరిలో మదనపల్లెలో తల్లిదండ్రులే ఇద్దరు కూతుళ్ళని చంపి మళ్ళీ బతికొస్తారని ఎదురుచూసిన కేసు గుర్తుందిగా. ఆ భార్యాభర్తలిద్దరూ పెద్ద చదువులు చదివి, చదువు చెప్పేవాళ్ళు. పోలీసులు వాళ్ళని అరెస్టు చేశాక విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలకి పంపాల్సొచ్చింది. అప్పుడు టీవీల్లో వారం రోజులు త్రిశూలం బొమ్మలే. "ఇంత చదువుకుని కూడా" అని అందరూ నోళ్ళు నొక్కుకున్నారు. జబ్బు డిగ్రీ సర్టిఫికెట్ చూసి వెనక్కి పోతుందా?

మా పాత కరీంనగర్ జిల్లాకే వస్తే, 2020 నవంబర్లో మల్యాల మండలం బల్వంతాపూర్‌లో ఒకతన్ని తగలబెట్టి చంపారు. అతను సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. బావమరిది చనిపోతే పరామర్శకి వెళ్ళాడు. చేతబడి చేసి చంపింది ఇతనే అన్న అనుమానంతో అత్తింటి వైపు వాళ్ళే ఈ పని చేశారని పోలీసులు చెప్పారు. ఈ వార్త చదివిన రోజు నేను ఆఫీసు పని చెయ్యలేకపోయాను. నాలాగే లాప్‌టాప్ బ్యాగు తగిలించుకుని, నాలాగే చావింటికి సెలవు పెట్టి, నేను పుట్టిన జిల్లాకే వెళ్ళిన మనిషి. చదువుకున్నవాళ్ళు మంత్రాలు నమ్మరు, పల్లెటూరివాళ్ళు నమ్ముతారు అని ఇన్నాళ్ళూ నేను వేసుకున్న గీత ఒక్కరోజులో చెరిగిపోయింది. మంత్రగాడని ముద్ర పడటానికి మంత్రాలు రానక్కర్లేదన్నమాట.

తర్వాత 2022 జనవరిలో జగిత్యాల పట్టణంలోనే, కులసంఘం మీటింగులో, అందరూ చూస్తుండగా తండ్రినీ ఇద్దరు కొడుకుల్నీ పొడిచి చంపారు. అదే అనుమానం. అమీర్‌పేట రూంలో మావాడు దుప్పట్లోంచి అన్న మాట నాకు అప్పుడు గుర్తొచ్చింది. ఊళ్ళోనే తేలిపోవడం అంటే ఇదే. కోర్టుకి వచ్చేసరికి ఆ విచారణ ఎప్పుడో అయిపోయి ఉంటుంది, తీర్పూ అమలైపోయి ఉంటుంది. కోర్టుకి మిగిలేది పంచనామా.

మహారాష్ట్రలో నరేంద్ర దాభోల్కర్ ఇలాంటివాటికి చట్టం కావాలని ఏళ్ళ తరబడి తిరిగాడు. 2013 ఆగస్టు 20న పుణెలో ఉదయం నడకకి వెళ్ళినవాణ్ణి కాల్చి చంపారు. ఆ తర్వాతే చట్టమొచ్చింది. కర్ణాటక 2017లో చేసింది. బీహార్ 1999లోనే, మంత్రగత్తె అని ముద్ర వెయ్యడమే నేరం అంది. మన రెండు రాష్ట్రాల్లో మహారాష్ట్ర తరహా చట్టం కోసం జనవిజ్ఞాన వేదిక లాంటి సంఘాలు అడుగుతూనే ఉన్నాయి. చట్టమొస్తే అన్నీ ఆగిపోతాయని నాకు భ్రమల్లేవు. బీహార్‌లో ఆగిపోయాయా ఏంటి? కానీ పాత చట్టంలో హత్య జరిగాకే కేసు. ముద్ర వేసినప్పుడే కేసు అనే మాట ఒకటుంటే, గంప ఆనవాలు చెప్పిన ఆయన కాస్త నోరు దగ్గర పెట్టుకునేవాడేమో.

అసలు పీనల్ కోడ్ రాసినవాళ్ళకి ఇది తట్టకపోలేదు. 1860 నాటి కోడ్‌లో 508వ సెక్షన్ ఒకటుండేది. దేవుడి ఆగ్రహం తగులుతుందని భయపెట్టి ఒకడితో పని చేయించుకోవడం నేరం. ఉదాహరణ కూడా ఇచ్చారు: ఒకడు ఇంకొకడి గుమ్మం ముందు ధర్నా కూర్చుని, నీకు దైవాగ్రహం తగులుతుంది అనిపించడం. ధర్నా అంటే అప్పట్లో అర్థం అది! అంటే శాపం పెడతానని బెదిరించడం గురించి దొరలు ఆలోచించారు. శాపం పెట్టిందని నింద పడిన మనిషి గురించి అదే వివరంతో ఆలోచించలేదు.

ఇంతకీ మా అత్తమ్మ సంగతి. మిరపపొగ అయ్యాక కూడా ఫిట్స్ తగ్గలేదు. వాళ్ళాయన డ్యూటీలో ఉండగా ఒక రాత్రి ఆగకుండా వచ్చేసరికి, బాపు ఇంకో ఇద్దరూ కలిసి ఆస్పత్రికి ఎత్తుకుపోయారు. మూర్ఛ అన్నారు. ఎప్టాయిన్ మాత్రలు రాసిచ్చారు. రోజూ వేసుకుంది, ఏళ్ళ తరబడి. పిల్లల పెళ్ళిళ్ళు కూడా చేసింది. అన్నెలీజ్ మిషెల్‌కి జర్మనీలో ఇచ్చిన మందుల్లో డైలాంటిన్ ఒకటి. రెండూ ఒకటే మందు, ఫెనిటాయిన్. ఆ అమ్మాయికి అది పూర్తిగా పనిచెయ్యలేదు, అది నిజం. ఆ రోజుల్లో ఆమెకి ఇంకా మంచి వైద్యం దొరికి ఉంటే ఏమయ్యేదో చెప్పలేం. కానీ సినిమాలో ఆ మాత్రని విలన్ చేసినప్పుడు నాకు మా అత్తమ్మ గూట్లో, అద్దం పక్కన, తాయెత్తు చుట్టిపెట్టిన మాత్రల డబ్బా కనపడింది.

అత్తమ్మకి నయమయ్యాక వీధంతా మాత్రలనే మెచ్చుకుంది. జబ్బే అని ఒప్పుకున్నారు. అయితే కూరగాయలామె సంగతి ఎవరూ ఎత్తలేదు. అప్పటికే ఆమె గుడిసె ఖాళీ. ఏ ఊరు పోయిందో మాకెవరికీ పట్టలేదు.

సినిమా చూసిన మర్నాడు అమ్మకి ఫోన్ చేసి అడిగాను. "మన వాడకట్టుల కూరగాయలు అమ్మేది, గా ముసలామె, యాదికున్నదా అమ్మా?" అని.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఎవలు, గామెనా.." అంది. "ఎటు పోయిందో ఏమో బిడ్డా. తోటకూర మంచిగ తెస్తుండె."